బుడగలు, పరుగుబాటలు, సుడులు: ఒక విమర్శ

జంషెడ్‌పూర్‌లోని మా సీతారాండేరాలో సాయంత్రం వేళ నా దగ్గరకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పించుకోవడానికి నలుగురైదుగురు పిల్లలు వస్తుంటారు. వారిలో ప్లస్ టూ చదివే అబ్బాయి ఒకడు ఈ మధ్య ఒక హిందీ పత్రిక నుంచి కత్తిరించిన ముక్క తెచ్చాడు. అయస్కాంత పదార్థపు పలుచని పొరలో పుట్టే అతి చిన్న సుడులను శాస్త్రజ్ఞులు అదుపు చేశారనీ, ఇక గ్రంథాలయం మొత్తం వేలిగోరంత చిప్పులో ఇమిడిపోతుందనీ, హార్డ్ డిస్కులకు కాలం చెల్లినట్లేననీ అందులో ఉంది. "ఇది నిజమేనా మాస్టారూ?" అని అడిగాడు. నేను కళ్ళజోడు పెట్టుకునేలోపే, "నిజమైతే మా అన్నయ్య మొన్ననే హార్డ్ డిస్కు ఎందుకు కొన్నాడు?" అన్నాడు.

రెండో ప్రశ్న మొదటిదాని కన్న మంచిది. దానికి జవాబు ఆ పత్రిక ముక్కలో లేదు. ఇలాంటి కథ ఇంతకుముందు కూడా చెప్పారు, ఎంతో బాగా చెప్పారు. 1971 జూన్‌లో అమెరికా నుంచి వచ్చే "సైంటిఫిక్ అమెరికన్" పత్రికలో ఆండ్రూ బోబెక్, స్కోవిల్ అనే బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు "అయస్కాంత బుడగలు" గురించి వ్యాసం రాశారు. సరిగ్గా 38 ఏళ్ళ తరవాత, 2009 జూన్‌లో, అదే పత్రికలో ఐబీఎం శాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ పార్కిన్ "రేస్‌ట్రాక్ మెమరీ" గురించి రాశారు. ముగ్గురూ పత్రికా రచయితలు కారు. తాము పనిచేసిన వస్తువు గురించి తామే మామూలు పాఠకులకు చెప్పినవారు. ఈ రెండు వ్యాసాలనూ, వాటి తరవాత వచ్చిన సుడుల వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివితే అబ్బాయి అడిగిన దానికి జవాబు దొరుకుతుంది.

నా ఫిర్యాదు ముందే చెప్పేస్తాను. ఈ కథ చెప్పేవారు "ఎంత చిన్నది?" అన్న ప్రశ్నకు గొంతెత్తి జవాబిస్తారు. "ఎంత అదుపులో ఉంది?" అన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. సమాచారం దాచే యంత్రానికి ప్రాణం రెండోదే.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. ఉక్కు ఊళ్ళో ఉన్నవాళ్ళం కనుక మనకు ఇది కష్టం కాదు. ఇనుములో ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే. అయినా మన ఇంట్లోని మేకు మరో మేకును లాగదు. కారణం 1907లో పియర్ వైస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఊహించారు. లోపల పరమాణువులు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపులోనివన్నీ ఒకే దిక్కుకు చూస్తాయి, పక్క గుంపు మరో దిక్కుకు చూస్తుంది. మొత్తం మీద ఒకదాని బలాన్ని మరొకటి కొట్టేస్తుంది. ఈ గుంపులను డొమెయిన్లు అంటారు. రెండు డొమెయిన్ల మధ్య దిక్కు క్రమంగా తిరిగే సన్నని సరిహద్దు ఉంటుంది. దాని పేరు డొమెయిన్ గోడ. బయటినుంచి అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే అనుకూలమైన డొమెయిన్లు పెరుగుతాయి, అంటే గోడలు జరుగుతాయి.

ఆ జరగడం నున్నగా ఉండదు. లోహంలో మలినాలు, పగుళ్ళు, స్ఫటికాల అంచులు ఉంటాయి. గోడ వాటి దగ్గర చిక్కుకుని ఆగుతుంది, బలం పెరిగాక ఒక్కసారిగా విదిలించుకుని ముందుకు దూకుతుంది. 1919లో హైన్రిక్ బార్క్‌హౌజెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ దూకుళ్ళను చెవితో విన్నారు. ఇనుము చుట్టూ తీగ చుట్టి, దాన్ని యాంప్లిఫయరుకు కలిపితే చిటపటమని శబ్దం వస్తుంది. మా ఊళ్ళోనే బర్మామైన్స్‌లో ఉన్న జాతీయ లోహ ప్రయోగశాల, అంటే ఎన్‌ఎంఎల్, ఈ శబ్దాన్నే ఆధారం చేసుకుని ఉక్కు ఎంత అలసిపోయిందో దాన్ని కొయ్యకుండా, విరవకుండా పరీక్షించే పరికరాలను రూపొందించింది. అక్కడివారికి గోడ చిక్కుకోవడం పనికొచ్చే విషయం. మెమరీ చేయాలనుకునేవారికి అదే తలనొప్పి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఇక బుడగల సంగతి. గార్నెట్ అనే పదార్థపు పలుచని పొరను ప్రత్యేకంగా పెంచితే దానిలో పరమాణువులు పొరకు నిలువుగా, పైకో కిందికో మాత్రమే చూస్తాయి. ధ్రువిత కాంతితో సూక్ష్మదర్శినిలో చూస్తే పైకి చూసే డొమెయిన్లు, కిందికి చూసేవి మెలికలు తిరిగిన ముగ్గులా కనిపిస్తాయి. ఇప్పుడు నిలువుగా ఒక అయస్కాంత క్షేత్రం పెట్టి మెల్లగా పెంచుతూ పోతే దానికి ఎదురుగా ఉన్న గీతలు సన్నబడి, పొట్టివై, చివరకు గుండ్రని చుక్కలవుతాయి. ఇవే అయస్కాంత బుడగలు. క్షేత్రం ఇంకా పెంచితే బుడగ పేలినట్లు మాయమవుతుంది. తగ్గిస్తే మళ్ళీ గీతగా సాగిపోతుంది. ఈ రెండింటి మధ్య ఇరుకైన సందులోనే అది బుడగగా బతుకుతుంది. బుడగ ఉంటే 1, లేకపోతే 0. పొర మీద పెర్మల్లాయ్ అనే నికెల్-ఇనుము మిశ్రమంతో చిన్న చిన్న ఆకారాలు అచ్చువేసి, పొర సమతలంలో తిరిగే మరో క్షేత్రాన్ని పెడితే, ఆ ఆకారాల ధ్రువాలు మారుతూ బుడగలను ఒక్కో అడుగు ముందుకు నడిపిస్తాయి. వస్తువు కదలదు, బుడగ మాత్రం కదులుతుంది. కరెంటు పోయినా, శాశ్వత అయస్కాంతం నిలువు క్షేత్రాన్ని నిలబెడుతుంది కనుక సమాచారం చెరగదు.

1971 నాటి వ్యాసం పెద్ద బలం ఇక్కడే ఉంది. అది చెప్పిన బుడగను ఎవరైనా సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. పాఠకుడికి చూపించలేని దాని మీద అది కోట కట్టలేదు. మరి ఆ బుడగ ఏమైంది? 1977లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బుడగ మెమరీని అమ్మకానికి తెచ్చింది. 1979లో ఇంటెల్ 10 లక్షల బిట్ల చిప్పు తెచ్చింది. లెక్క వేసుకోండి, 1,31,072 అక్షరాలు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే ఒడిలో పెట్టుకునే కంప్యూటరులో బుడగ మెమరీయే ఉండేది. ఆ కంప్యూటరు అమెరికా అంతరిక్ష షటిల్‌లో కూడా ప్రయాణించింది. అయితే 1981లోనే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. ఆ దశాబ్దం ముగిసేసరికి బుడగ మెమరీ దాదాపు కనుమరుగైంది.

ఎందుకు ఓడిపోయింది? బుడగ పెద్దదని కాదు. అప్పటి ప్రమాణాల్లో అది చిన్నదే. బుడగను అదుపులో పెట్టడానికి చిప్పు చుట్టూ రెండు తీగ చుట్టలు కావాలి, పైనా కిందా శాశ్వత అయస్కాంతాలు కావాలి, బయటి క్షేత్రాలు సోకకుండా లోహపు కవచం కావాలి. వరసలో నిలబడ్డ బుడగల్లో మనకు కావలసినది చదివే చోటికి నడిచి రావడానికి మిల్లీసెకండ్లలో పదుల సమయం పట్టేది. పొరలో ఉన్న బుడగ చీమంత. దాన్ని కాపలా కాసే సరంజామా ఏనుగంత. ఈలోగా సిలికాన్ చిప్పులు చవకయ్యాయి, డిస్కులు చిక్కనయ్యాయి. నేనూ ఒకప్పుడు ఈ బుడగల గురించి పిల్లలకు నోరూరేలా చెప్పినవాణ్ణే. కవచం సంగతి, చుట్టల సంగతి చెప్పలేదు. ఈ విమర్శలో నాకూ వాటా ఉంది.

ఇక్కడ ఒక ఉపకథ చెప్పకుండా ముందుకు పోలేను. మా టాటానగర్ నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల్లో ఖరగ్‌పూర్ వస్తుంది. రైల్వే వర్క్‌షాపు కోసం వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. ఆ ఊళ్ళోని ఐఐటిలో లోహశాస్త్రం చదివి 1961లో పట్టా పుచ్చుకున్న ప్రవీణ్ చౌధరి అనే లుధియానా యువకుడు తరవాత ఐబీఎం పరిశోధనశాలలో చేరారు. 1973లో ఆయన, కువోమో, గాంబినో కలిసి గడోలినియం, కోబాల్ట్ అనే రెండు లోహాలను కలిపి పలుచని పొరగా పరిచారు. ఆ పొర స్ఫటికం కాదు. పరమాణువులకు వరసలో సర్దుకునే వ్యవధి లేకుండా పరిచిన గాజులాంటి లోహం. ద్రవలోహాన్ని ఒక్కసారిగా చల్లార్చి ఇలాంటి గాజులోహాలు చేయడంలో మన దేశంలో పేరు తెచ్చుకున్నవారిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన పాచ్చా రామచంద్రరావు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆ పని చేసి, 1992 నుంచి 2002 దాకా మా ఎన్‌ఎంఎల్‌కు డైరెక్టరుగా ఉన్నారు. దారి వేరు, సూత్రం ఒకటే.

గాజులాంటి పొరలో బుడగలు పుట్టడం అప్పట్లో ఆశ్చర్యం కలిగించింది. పరమాణువులు నిలువుగా చూడాలంటే స్ఫటికపు క్రమం ఉండాలని అనుకునేవారు. క్రమం లేని చోట కూడా నిలువు దిక్కు నిలబడుతుందని తేలింది. అయితే ఈ పొర గుణాలు వేడితో చాలా మారిపోతాయి. బుడగ మెమరీకి అది దోషం. ఎండలో ఒకలా, ఏసీ గదిలో ఒకలా ప్రవర్తించే మెమరీ ఎవరికి కావాలి? కానీ లేజరు కిరణంతో ఒక చుక్కను వేడిచేసి, వేడెక్కిన ఆ చుక్క దిక్కును మాత్రమే బలహీనమైన క్షేత్రంతో తిప్పాలనుకునేవారికి అదే దోషం వరమైంది. అలా కాంతితో రాసి కాంతితో చదివే అయస్కాంత డిస్కులు వచ్చాయి. 1992లో సోనీ సంస్థ తెచ్చిన మినీడిస్కులో రికార్డు చేసుకునే రకం ఈ కుటుంబానిదే, అందులో గడోలినియం బదులు టెర్బియం వాడారు. 1995లో చౌధరికి, ఆయన సహచరులకు అమెరికా ప్రభుత్వం జాతీయ సాంకేతిక పతకం ఇచ్చింది. బుడగ కోసం వండిన వంట మరో విందులో వడ్డించారన్నమాట. ఈ పొర పేరు మరచిపోకండి. మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 2009 నాటి వ్యాసం. పార్కిన్ సామాన్యుడు కారు. వేర్వేరు అయస్కాంత పొరల మధ్య విద్యుత్ నిరోధం విపరీతంగా మారే గుణాన్ని 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ కనుగొన్నారు, 2007లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గుణాన్ని డిస్కు చదివే తలలోకి తీసుకురావడంలో ముఖ్యుడు పార్కిన్. 1997లో ఐబీఎం ఆ తల ఉన్న డిస్కును అమ్మింది. మీ ఇళ్ళలోని డిస్కులు ఇంత చిక్కగా తయారు కావడానికి ఆ పనే పునాది. కనుక ఆయన మాటను తేలిగ్గా తీసివేయలేం.

ఆయన ప్రతిపాదన ఇది. అయస్కాంత లోహపు సన్నని తీగ తీసుకోండి. దాని పొడవునా డొమెయిన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి అన్నట్లు వరసగా నిలబడతాయి. తీగ గుండా విద్యుత్ పంపితే ఎలక్ట్రాన్ల స్పిన్ గోడలను నెడుతుంది. అయస్కాంత క్షేత్రంతో నెడితే పక్కపక్క గోడలు ఎదురెదురుగా పోయి ఢీకొంటాయి. విద్యుత్‌తో నెడితే అన్నీ ఒకే వైపు, రైలు పెట్టెల్లా కలిసి పోతాయి. మధ్యలో ఒకచోట చదివే తల, రాసే తల కదలకుండా కూర్చుంటాయి. తీగను ఇంగ్లీషు యూ అక్షరంలా వంచి చిప్పు మీద నిలబెడితే, వందల బిట్లు ఒక బిట్టు చోటులో పడతాయి. డిస్కు అంత చవక, చిప్పు అంత గట్టి, తిరిగే భాగం ఒక్కటీ లేదు.

భావం అందమైనది. బుడగ మెమరీకి కావలసిన చుట్టలను, క్షేత్రాన్ని ఒక్క విద్యుత్ స్పందనతో తప్పించడం నిజమైన ముందడుగు. నా అభ్యంతరం ఆ నిలబడ్డ తీగల అడవి బొమ్మతో. పాఠకుడి మనసులో ఉండిపోయేది ఆ బొమ్మే. కానీ అప్పటికి పార్కిన్ బృందం 2008లో చేసి చూపించినది చిప్పు మీద అడ్డంగా పడుకున్న పెర్మల్లాయ్ తీగ. అందులో నడిపించినవి మూడు బిట్లు. మూడు బిట్లను తప్పు లేకుండా నడపడం గొప్ప ప్రయోగమే, దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. మూడు బిట్ల పక్కన అడవి బొమ్మ వేసినప్పుడు రెండింటి మధ్య దూరం ఎంతో పాఠకుడికి ఎవరు చెప్పాలి? ఆలు లేదు, చూలు లేదు అన్న సామెత ఇంత పెద్ద శాస్త్రజ్ఞుడికి వాడకూడదు కానీ, కొడుకు పేరు మాత్రం అప్పటికే సోమలింగం అయిపోయింది.

ఇంకో మాట. ఆ తీగలో గోడను నెట్టడానికి చదరపు సెంటీమీటరుకు 10 కోట్ల ఆంపియర్ల స్థాయి విద్యుత్ కావలసి వచ్చింది. మీ ఇంటి గోడలో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 10 ఆంపియర్లు పారితే అది చదరపు సెంటీమీటరుకు 700 ఆంపియర్ల లోపే. లక్ష రెట్లకు పైగా తేడా. నానోసెకండ్ల పాటు మాత్రమే పంపుతారు కనుక తీగ కాలిపోదు, కానీ వేడి ఎక్కడికీ పోదు. పైగా బార్క్‌హౌజెన్ విన్న చిటపట గుర్తుందా? తీగ అంచు కాస్త గరుకుగా ఉన్న చోటల్లా గోడ చిక్కుకుంటుంది. వందల గోడల్లో ఒక్కటి వెనకబడితే లెక్క మొత్తం తప్పుతుంది. నెట్టడం ఒక్కటే అదుపు కాదు. నెట్టినప్పుడు అన్నీ ఒకే అడుగు వేసి, ఆపినప్పుడు అన్నీ ఆగాలి.

పార్కిన్ బృందం ఊరుకోలేదు. ఎదురెదురు దిక్కుల్లో చూసే రెండు అయస్కాంత పొరలను జంటగా కట్టి 2015లో సెకండుకు 750 మీటర్ల వేగం సాధించారు. అయినా రేస్‌ట్రాక్ మెమరీ ఈనాటికీ దుకాణంలో దొరకదు.

ఇప్పుడు అబ్బాయి తెచ్చిన పత్రిక ముక్కలోని సుడుల దగ్గరకు వద్దాం. వీటి పేరు స్కిర్మియాన్లు. టోనీ స్కిర్మ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1960ల మొదట్లో పరమాణు కేంద్రకాల కోసం వేసిన గణితాన్ని, 1989లో బొగ్దానొవ్, యాబ్లొన్‌స్కీ అనే ఇద్దరు అయస్కాంతాలకు అన్వయించారు. బుడగకు, స్కిర్మియాన్‌కు తేడా ఏమిటి? బుడగ లోపల అంతా కిందికి, బయట అంతా పైకి, మధ్యలో సన్నని గోడ. స్కిర్మియాన్‌లో మధ్య నుంచి అంచు దాకా దిక్కు మెల్లగా, ఒకే చేతివాటంతో మెలి తిరుగుతూ పోతుంది. అయస్కాంత పొర కింద ప్లాటినం, ఇరిడియం లాంటి బరువైన లోహపు పొర ఉంటే, సరిహద్దులో ఉన్న పరమాణువులు పక్కవాటితో సమాంతరంగా నిలబడక కాస్త పక్కకు వాలతాయి. ఆ వాలు వల్లే మెలిక. 2009లో జర్మనీలో మ్యూనిక్ శాస్త్రజ్ఞులు మాంగనీసు సిలిసైడు అనే స్ఫటికంలో వీటిని మొదటిసారి గుర్తించారు.

ఇక వార్తల సంగతి. 2013లో హాంబర్గ్ విశ్వవిద్యాలయం వారు ఇరిడియం మీద పరిచిన పల్లాడియం-ఇనుము పొరలో, సూదిమొన లాంటి పరికరంతో ఒక్కో స్కిర్మియాన్‌ను రాసి, చెరిపి చూపించారు. సైజు కొద్ది నానోమీటర్లు. అద్భుతం. కానీ ఆ పొర ఉన్నది పరమ శూన్యానికి 4 డిగ్రీల పైన, ద్రవ హీలియం చలిలో, టెస్లాల్లో కొలిచే క్షేత్రంలో. 2015లో అమెరికాలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల వారు మన గది ఉష్ణోగ్రతలోనే, సన్నని సందు గుండా విద్యుత్ పంపి, సబ్బు నురగ ఊదినట్లు స్కిర్మియాన్లను ఊదారు. అదీ అద్భుతమే. కానీ వాటి వ్యాసం మైక్రోమీటరు స్థాయి, అంటే హాంబర్గ్ వాటి కన్న వంద రెట్లకు పైగా పెద్దవి.

2018లో ఎంఐటి బృందం మరో ఫలితం ప్రకటించింది. పదార్థం ఏదో ఊహించారా? ప్లాటినం మీద గడోలినియం-కోబాల్ట్! చౌధరి బృందం 1973లో బుడగల కోసం పరిచిన ఆ కుటుంబమే. అందులో డొమెయిన్ గోడలు సెకండుకు 1.3 కిలోమీటర్లు పరుగెత్తాయి, స్కిర్మియాన్లు గది ఉష్ణోగ్రతలో 10 నానోమీటర్ల దగ్గరకు చిన్నబడ్డాయి. ఈ రెండూ ఒకే వాక్యంలో చదివి, 10 నానోమీటర్ల స్కిర్మియాన్లు సెకండుకు 1.3 కిలోమీటర్లు పరుగెత్తాయని అర్థం చేసుకోవడం ఎంత తేలికో చూడండి. పరుగెత్తినవి గోడలు. చిన్నబడినవి స్కిర్మియాన్లు. పైగా పరుగుకు అనుకూలమైన ఉష్ణోగ్రత ఒకటి, చిన్నబడడానికి అనుకూలమైనది మరొకటి. పరిశోధన పత్రం ఈ తేడా స్పష్టంగానే చెప్పింది. వార్తలు రాసేవారి చేతిలో పడేసరికి హాంబర్గ్ నుంచి చిన్నతనం, ఆర్గాన్ నుంచి గది ఉష్ణోగ్రత, ఎంఐటి నుంచి వేగం తీసుకుని మూడు గుడ్డలతో ఒక బొంత కుట్టేస్తారు. ఒక్కో గుడ్డా నిజమే. బొంత మాత్రం ఏ ప్రయోగశాలలోనూ లేదు.

అబ్బాయితో కలిసి ఒక లెక్క వేశాను. మీరూ వేయండి. ఈనాటి మంచి హార్డ్ డిస్కు చదరపు అంగుళానికి లక్ష కోట్ల బిట్ల పైన దాస్తుంది. చదరపు అంగుళం అంటే నానోమీటర్లలో 2.54 కోట్ల వర్గం. భాగిస్తే ఒక బిట్టుకు సుమారు 645 చదరపు నానోమీటర్లు, అంటే ఒక్కో వైపు 25 నానోమీటర్ల గడి. ఇప్పుడు 10 నానోమీటర్ల స్కిర్మియాన్ తీసుకుందాం. పక్కదాన్ని అది తోసేస్తుంది కనుక మధ్యలో ఖాళీ కావాలి. కేంద్రం నుంచి కేంద్రానికి 30 నానోమీటర్లు అనుకుందాం, బాట వెడల్పు కూడా అంతే. ఒక బిట్టుకు 900 చదరపు నానోమీటర్లు! మనం ఎంచుకున్న దూరాన్ని బట్టి ఈ అంకె మారుతుంది, బాటలను ఒకదాని మీద ఒకటి పేర్చగలిగితే కథే మారుతుంది. అయినా ఒక్క పొరలో చూస్తే, చిన్నతనం పేరుతో డిస్కును ఓడించడం అంత సులువు కాదని తేలిపోయింది. అబ్బాయి పెన్సిలు కింద పెట్టి, "అయితే అన్నయ్య డబ్బులు దండగ కాలేదు" అన్నాడు.

స్కిర్మియాన్‌కు "టోపాలజీ రక్షణ" ఉందని, దాన్ని చెరపడం అసాధ్యమని కూడా రాస్తుంటారు. తల మీద సుడి ఉన్నవారికి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. ఎలా దువ్వినా సుడి పోదు, పక్కకు జరుగుతుందంతే. దిక్కులను నున్నగా మారుస్తూ పోయినంత వరకు స్కిర్మియాన్ కూడా అంతే. అయితే పొరలో ఉన్నవి నిరంతరంగా పరుచుకున్న గీతలు కావు, విడివిడి పరమాణువులు. సుడి కొన్ని పరమాణువుల వెడల్పుకు కుంచించుకుపోతే ఒక్కసారిగా అందరితో పాటు తిరిగిపోతుంది. ఉన్నది అభేద్యమైన కోట కాదు, దాటడానికి శక్తి కావలసిన గట్టు. గట్టు ఎంత ఎత్తో చెప్పాలి. సమాచారం పదేళ్ళు నిలుస్తుందా, పది సెకండ్లు నిలుస్తుందా అన్నది ఆ ఎత్తు మీద, గది వేడి మీద ఆధారపడుతుంది. హాంబర్గ్ వారు స్కిర్మియాన్‌ను రాయడమే కాక చెరిపారు కూడా. చెరపలేని దానితో మెమరీ ఎలా చేస్తారు?

మరో చిక్కు ఉంది. మా కీనన్ స్టేడియంలో స్పిన్నరు వేసిన బంతి గాలిలోనే పక్కకు జరగడం చూశాం కదా. స్కిర్మియాన్ కూడా నెట్టిన దిక్కుకు సూటిగా పోక పక్కకు వాలుతుంది, బాట అంచుకు తగిలి మాయమయ్యే ప్రమాదం ఉంది. 2017లో రెండు బృందాలు దీన్ని కళ్ళారా చూసి పత్రాలు ప్రకటించాయి. వార్తలు దీన్ని సరికొత్త వింతగా రాశాయి. నాకు ఇక్కడే ఎక్కువ బాధ. 1970లలో బుడగల మీద పనిచేసినవారు కొన్ని మొండి బుడగలు ఇలాగే పక్కదారి పట్టడం చూశారు. గోడలో మెలికలు ఎక్కువైన బుడగలవి. పొర పైభాగంలోకి అయాన్లను చొప్పించి వాటిని పుట్టకుండా చేయడం 1972లోనే నేర్చుకున్నారు. థీల్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో డొమెయిన్ల నడకకు రాసిన సమీకరణాన్నే ఈనాడు స్కిర్మియాన్ పక్కకు వాలడాన్ని లెక్కించడానికి వాడుతున్నారు. బుడగ మెమరీ ఓడిపోయిందని దాన్ని కథలోంచి తీసేశాం. దానితో పాటు కష్టపడి సంపాదించిన విద్య కూడా పాఠకుడి కళ్ళ ముందు నుంచి పోయింది.

పని మాత్రం ఆగలేదు. ఎదురెదురు దిక్కుల పొరలను జంట కడితే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాలి మొత్తం మీద సూటిగా పోతుంది. 2024లో ఈ పద్ధతితో ఫ్రాన్సు బృందం స్కిర్మియాన్లను సెకండుకు 900 మీటర్ల దాకా పరుగెత్తించింది. మాకు దగ్గరలోనే భువనేశ్వర్‌లోని నైసర్‌లో పనిచేసే అజయ కుమార్ నాయక్, పార్కిన్ బృందంతో కలిసి 2017లో ప్రతిస్కిర్మియాన్లు అనే మరో రకాన్ని గది ఉష్ణోగ్రత పైన కూడా చూపించారు. ఐఐటి హైదరాబాద్‌లో చంద్రశేఖర్ మురపాక, అంతకుముందు సింగపూర్‌లో సహచరులతో కలిసి, అయస్కాంత తీగల కూడలిలో డొమెయిన్ గోడ ఏ దారిన పోవాలో నిర్ణయించే పద్ధతిని 2016లో ప్రకటించారు. ఆ పత్రంలో గొప్పగా చెప్పింది గోడ ఎంత చిన్నదని కాదు. కూడలిలో దాన్ని కావలసిన వైపు తిప్పగలమని. పిల్లలకు నేను చదవమని చెప్పేది ఇలాంటివి.

పార్కిన్ తొలి విజయానికి, తరవాతి స్వప్నానికి మధ్య తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది. 1997 నాటి తల అప్పటికే నడుస్తున్న డిస్కులో ఒక్క భాగాన్ని మార్చింది. మిగతా యంత్రమంతా సిద్ధంగా ఉంది. చౌధరి పొర కూడా లేజరు డిస్కులోకి అలాగే వెళ్ళింది. బుడగకు, పరుగుబాటకు, సుడికి మాత్రం రాయడం, నిలపడం, నడపడం, చదవడం, చెరపడం అన్నీ కొత్తగా కట్టుకోవాలి. 2009 వ్యాసంలో నాకు లోటుగా తోచింది ఈ అయిదింటి లెక్క. ఒక్కొక్కదానికి ఎంత శక్తి, ఎంత వేడి, లక్షసార్లు చేస్తే ఎన్ని తప్పులు? ఆ అంకెలు లేకపోతే లేవని రాయవచ్చు. విద్యార్థి దాన్ని అవమానంగా తీసుకోడు.

పత్రిక ముక్క సంగతి అయ్యాక అబ్బాయి ఇంటికి పోలేదు. బార్క్‌హౌజెన్ శబ్దం వినాలన్నాడు. పాడైన రిలే లోంచి వేల చుట్లున్న తీగ చుట్ట తీశాం. శ్రీరామనవమి పందిట్లో వాడే మైకుసెట్టు యాంప్లిఫయరు పక్కింటివారి దగ్గర తెచ్చాం. చుట్ట మధ్యలో కాల్చి చల్లార్చిన ఇనుప తీగ పెట్టి, దండాయస్కాంతాన్ని మెల్లగా దగ్గరకు తెచ్చాం. మొదట ఫ్యాను హోరే వినిపించింది. ఫ్యాను ఆపాక పేలాలు వేగినట్లు చిటపట మొదలైంది. అయస్కాంతాన్ని తిప్పి మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ చిటపట. నాలుగైదు సార్లు చేశాక, స్కేలు పెట్టి అయస్కాంతం ఎంత దూరంలో ఉండగా పెద్ద చిటుకు వచ్చిందో రాసుకోవడం మొదలుపెట్టాడు. పదిసార్లు కొలిచాక కాగితం నా ముందు పెట్టాడు.

"తీగ అదే, అయస్కాంతం అదే. ప్రతిసారీ ఒకే చోట రావడం లేదేమిటి మాస్టారూ?"